వైన్ రుచి చూడటం – నాలుగవ పాఠం: పులుపు, వగరు, చిన్న వైనరీ దర్శనం

మొదటి మూడు పాఠాలలో గ్లాసును ఎంచుకోవడం, వైన్ రంగును వెలుతురులో చూడటం, గ్లాసులో తిప్పి వాసన పట్టడం నేర్చుకున్నాం. ఈ పాఠంతో నాలుక పని మొదలవుతుంది. వైన్ రుచిని నిలబెట్టేవి ముఖ్యంగా నాలుగు: పులుపు, వగరు, తీపి, ఆల్కహాలు వల్ల గొంతులో కలిగే వేడి. వీటిలో మొదటి రెండింటి దగ్గరే ఈసారి ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే కొత్తగా రుచి చూసేవారిలో చాలామంది ఈ రెండింటినీ కలిపేసుకుని "ఘాటుగా ఉంది" అన్న ఒక్క మాటతో గ్లాసు పక్కన పెట్టేస్తారు. పులుసూ పప్పుచారూ నల్లపచ్చడీ తిని పెరిగిన గోదావరి జిల్లాల నాలుకకు పులుపులో ఎన్ని రకాలున్నాయో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ నాలుకనే వైన్ ముందు కూడా నమ్మాలని, పుస్తకాలలో కనిపించే పరదేశపు పండ్ల జాబితాలకు తలొగ్గనక్కర్లేదని నా గట్టి నమ్మకం.

వంటింట్లో అభ్యాసం

సీసా తెరవడానికి ముందు ఈ అభ్యాసం చేయండి. ఉసిరికాయంత చింతపండును అర లీటరు నీళ్లలో నానబెట్టి, పిసికి, పలుచని గుడ్డలో వడకట్టి, రెండు గ్లాసులలో సమానంగా పోయండి. వాటిలో ఒకదానిలో మాత్రం రెండు చెంచాల పంచదార పూర్తిగా కరిగించండి. మూడవ గ్లాసులో పాలూ పంచదారా లేకుండా పది నిమిషాలు మరిగించి చల్లార్చిన టీ డికాషను, నాలుగవ గ్లాసులో మంచినీళ్లు ఉంచుకోండి.

ముందుగా పంచదార లేని చింతపండు నీళ్లను ఒక గుక్క తీసుకుని, నోరంతా తిరగనిచ్చి, మింగిన తరువాత తల కొంచెం ముందుకు వంచి నోరు మూసుకుని ఉండండి. దవడల కింద నుంచి నీరూరి నాలుక చుట్టూ చేరుతుంది. ఎంత త్వరగా ఊరింది, ఎంతసేపు ఊరింది అన్న రెండు ప్రశ్నలకు జవాబే పులుపు కొలత. ఇప్పుడు మంచినీళ్లతో నోరు పుక్కిలించి పంచదార కలిపిన గ్లాసు రుచి చూడండి. నాలుకకు పులుపు తగ్గినట్టు తోస్తుంది, కాని దవడల కింద నీరు ఇంచుమించు అంతే ఊరుతుంది. తీపి పులుపును కప్పుతుంది, తగ్గించదు. నాసిక్ ప్రాంతంలో ఎక్కువగా చేసే షెనిన్ బ్లాంక్ అనే తెల్ల వైన్‌లో తరచుగా కొద్దిపాటి తీపి మిగులుస్తారు. అది తాగి "పులుపే లేదు" అనేవారు తల వంచి, నీరు ఊరేదాకా ఆగి చూస్తే మాట మార్చుకుంటారు.

ఈ అభ్యాసానికి చింతపండునే ఎంచుకోవడానికి కారణం ఉంది. చింతపండు పులుపుకూ ద్రాక్ష పులుపుకూ ప్రధాన మూలం ఒకటే, టార్టారిక్ ఆమ్లం. పండ్లలో ఎక్కువవాటికి పులుపునిచ్చేవి సిట్రిక్, మాలిక్ ఆమ్లాలు. టార్టారిక్ ఇంత మెండుగా ఉండే పండ్లు అరుదు. ద్రాక్షలో దీనికి తోడుగా మాలిక్ ఆమ్లం ఉంటుంది, పచ్చి ఆపిల్‌లో కొరికినట్టుండే పులుపు అదే. ఎర్ర వైన్‌లు దాదాపు అన్నింటిలోనూ, కొన్ని తెల్ల వైన్‌లలోనూ బాక్టీరియా ఈ మాలిక్ ఆమ్లాన్ని లాక్టిక్ ఆమ్లంగా, అంటే పెరుగులో ఉండే ఆమ్లంగా మారుస్తుంది. అందుకే కొన్ని వైన్‌ల పులుపు చింతపండులా సూటిగా తగులుతుంది, కొన్నింటిది పెరుగులా మెత్తగా సర్దుకుంటుంది. చల్లబరచిన తెల్ల వైన్ సీసా అడుగున అప్పుడప్పుడు గాజు పొడిలా మెరిసే పలుకులు కూడా ఈ టార్టారిక్ ఆమ్లపు లవణమే. అవి హాని చేయవు, సీసా కదపకుండా వంచుకుంటే చాలు.

ఇక మూడవ గ్లాసు. డికాషను నోటిలో తిప్పి మింగాక చిగుళ్ల మీద నాలుక రుద్ది చూడండి. బుగ్గల లోపలి భాగం గరుకుగా, ఎండినట్టు ఉంటుంది. కూర అరటికాయ ముక్కను పచ్చిగా కొరికినా, ఆషాఢంలో నేరేడు పండ్లు గుప్పెడు తిన్నా, జీడిమామిడి పండు రసం పీల్చినా జరిగేది ఇదే. టానిన్లు అనే వగరు పదార్థాలు లాలాజలంలోని మాంసకృత్తులను పట్టుకుని ముద్దగా చేయడం వల్ల నోటి జారుడుతనం పోతుంది. పులుపు నోటిలో నీరు తెస్తుంది, వగరు ఆ నీటిని ఎండబెడుతుంది. ఈ ఒక్క వాక్యం గుర్తుంటే "ఘాటు" అన్న మాట అవసరం తీరిపోతుంది. అదే డికాషనులో రెండు చెంచాల పాలు కలిపి మళ్లీ తాగండి. వగరు బాగా తగ్గుతుంది, ఎందుకంటే టానిన్లకు మీ లాలాజలానికి బదులు పాలలోని మాంసకృత్తులు దొరికాయి. వగరు గట్టిగా ఉన్న కాబెర్నే సావిన్యోన్ అనే ఎర్ర వైన్‌ను మాంసం కూరతో తాగమని చెప్పడంలో ఉన్న కిటుకు ఇదే.

వైన్‌లో టానిన్లు ద్రాక్ష తొక్క నుంచి, గింజల నుంచి, తొడిమల నుంచి, ఓక్ చెక్క పీపాల నుంచి వస్తాయి. ఎర్ర వైన్‌ను తొక్కతో కలిపి పులియబెడతారు కాబట్టి వగరు దానికే ఎక్కువ. తెల్ల వైన్‌కు ముందే రసం పిండి తొక్క తీసేస్తారు.

మనకు తెలిసిన వాసనలు

వాసనల గురించి మూడవ పాఠంలో చెప్పినదానికి ఇక్కడ కొంత చేర్చాలి. వైన్‌లో ఫలానా వాసన ఉందని అనడం ఊహాగానం కాదు, చాలాసార్లు వైన్‌లోనూ మనం పోల్చిన వస్తువులోనూ ఆ వాసననిచ్చే పదార్థం ఒకటే. షిరాజ్ అనే ఎర్ర వైన్‌లో మిరియాల ఘాటు వస్తే దానికి కారణం రోటండోన్ అనే పదార్థమని ఆస్ట్రేలియా పరిశోధకులు 2008లో తేల్చారు, మిరియాలకు ఆ వాసన ఇచ్చేదీ అదే. మస్కట్ ద్రాక్ష వైన్‌లో ఉండే లినలూల్ మన ధనియాలలో మెండుగా ఉంటుంది. సావిన్యోన్ బ్లాంక్ అనే తెల్ల వైన్ గ్లాసులో పండిన జామ వాసన తగిలితే సంకోచించకుండా జామ అనే రాసుకోండి. ఇంగ్లీషు పుస్తకం గూస్‌బెర్రీ అంటుంది (మన ఉసిరి కాదు, ఐరోపా పండు), మనలో ఆ పండు తిన్నవారు ఎంతమంది?

కోనసీమవారికి ప్రత్యేకంగా చెప్పవలసినది కొబ్బరి. ఓక్ పీపాలలో, ముఖ్యంగా అమెరికా ఓక్ పీపాలలో నిలవ ఉంచిన వైన్‌కు కొబ్బరి వాసన వస్తుంది, ఆ చెక్కలోని ఓక్ లాక్టోన్ వల్ల. ఇతర ప్రాంతాలవారు "కొబ్బరి" అని రాసి ఆగిపోతారు. మీరు అక్కడ ఆగకండి. లేత కొబ్బరా, ముదురు కొబ్బరా, అటకమీద నెలల తరబడి ఆరిన కురిడీయా, అప్పుడే ఆడించిన నూనెయా అని అడగండి. ఒక కురిడీని పగులగొట్టి వాసన చూసి, వెంటనే పీపాలో ఉంచిన ఎర్ర వైన్ వాసన చూడండి. పీపా ప్రభావాన్ని ఇంతకంటే త్వరగా నేర్పే పాఠం నాకు తెలియదు. లవంగం, వెనిలా వాసనలు కూడా పీపావే.

చెడిన వైన్ వాసనలూ మనకు కొత్తవి కావు. ఉదయం దించిన తాటికల్లు సాయంత్రానికి పులిసి వెనిగర్ దారి పట్టడం చూసినవారు, గాలి తగిలి అసిటిక్ ఆమ్లం పెరిగిన వైన్‌ను గుర్తుపట్టగలరు. కార్క్ బిరడా వల్ల కొన్ని సీసాలకు ట్రైక్లోరోఅనిసోల్ అనే పదార్థం పట్టి, వానలో తడిసి ఆరని గోనెసంచి వాసన వస్తుంది, పండు వాసన అణగిపోతుంది. అటువంటి సీసా ఎంత ఖరీదైనదైనా తిరిగి ఇచ్చేయవలసిందే.

వేడి సంగతి ఒకటి. ఎర్ర వైన్‌ను గది ఉష్ణోగ్రతలో ఇవ్వాలన్న సలహా చలిదేశాల గదులను చూసి పుట్టింది. అమలాపురంలోనో భీమవరంలోనో మే నెలలో గది వేడి 30 డిగ్రీలు దాటుతుంది, అందులో ఉంచిన వైన్‌లో ఆల్కహాలు ఒక్కటే పైకి లేస్తుంది. ఎర్ర వైన్ 16 నుంచి 18 డిగ్రీల దగ్గర, తెల్లది 8 నుంచి 10 డిగ్రీల దగ్గర బాగుంటాయి. అందువల్ల ఎర్ర సీసానైనా అరగంటకు పైగా ఫ్రిజ్‌లో పెట్టి తీయండి.

చిన్న వైనరీకి వెళ్లడం

మన డెల్టాలో వైన్ ద్రాక్ష పండదు. కాలువల కింద నీటి మట్టం పైకి ఉన్న ఒండ్రు నేల, తేమ నిండిన గాలి, చల్లబడని రాత్రులు ఈ పంటకు సరిపడవు. పండే దశలో వేడి ఎక్కువైతే ద్రాక్ష తనలోని మాలిక్ ఆమ్లాన్ని ఖర్చు చేసేస్తుంది, రాత్రి చల్లగా ఉంటే ఆ పులుపు నిలుస్తుంది. కాని ఇదే గోదావరి పుట్టిన చోట, త్ర్యంబకం ఉన్న నాసిక్ జిల్లాలో, దాదాపు 600 మీటర్ల ఎత్తున ఈ దేశపు వైన్‌లో పెద్ద భాగం తయారవుతోంది. సూలా వైన్‌యార్డ్స్ అనే సంస్థ 2000లో మొదటి వైన్ విడుదల చేసింది, 2001లో మహారాష్ట్ర ప్రభుత్వం ద్రాక్ష వైన్‌కు ప్రత్యేక విధానం ప్రకటించింది, ఆ తరువాత గంగాపూర్ జలాశయం చుట్టూ, దిండోరి వైపు, ఇగత్‌పురి వైపు చిన్నా పెద్దా వైనరీలు, అంటే వైన్ తయారీ కేంద్రాలు, వెలిశాయి. ధవళేశ్వరం దాటి మన కాలువల్లోకి వచ్చే నది అక్కడ ఆ ఆనకట్ట వెనుక నిలిచి ఉండటం చూస్తే డెల్టావారికి కలిగే ఆనందం వేరు.

సికింద్రాబాద్ నుంచి దేవగిరి ఎక్స్‌ప్రెస్ నాసిక్ రోడ్ మీదుగా ముంబై వెళుతుంది. వెళ్లవలసిన కాలం సంక్రాంతి దాటాక, జనవరి చివరి నుంచి మార్చి వరకు. అక్కడ తీగను ఏడాదిలో రెండుసార్లు కత్తిరిస్తారు: ఏప్రిల్ ప్రాంతంలో కొమ్మ కోసం, వానలు తగ్గే సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో కాపు కోసం. కోత చలికాలం చివర వస్తుంది. ఆ వారాలలో వెళితే ద్రాక్ష గుత్తులు క్రషర్ అనే నలిపే యంత్రంలో పడటం, తొక్క పైకి తేలి గట్టిపడటం, దాన్ని రసంలోకి ముంచడం కళ్లారా చూడవచ్చు.

పెద్ద వైనరీని ఒకసారి చూడండి, యంత్రాల అమరిక తెలుస్తుంది. నేర్చుకోవడానికి మాత్రం వలోనే వంటి చిన్నవాటినే ఎంచుకోండి, ముందుగా ఫోన్ చేసి, వారాంతం కాని రోజున వెళ్లండి. వైన్ చేసిన వ్యక్తే ఎదురుగా నిలబడి పోసే అవకాశం అక్కడే ఎక్కువ. చిన్న తోటలంటే ఆసక్తి ఉన్న తెలుగువారు కర్ణాటకలో హంపీ కొండల దగ్గరి కృష్మ ఎస్టేట్స్ గురించి కూడా తెలుసుకోవాలి. హైదరాబాదుకు చెందిన చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులు దాన్ని నెలకొల్పి, తమ తోట ద్రాక్షతోనే వైన్ చేయిస్తున్నారు.

వెళ్లే రోజు సెంటు పూసుకోకండి, మల్లెపూలు పెట్టుకోకండి, కిళ్లీ నమలకండి, ఉదయం ఆవకాయ తినకండి. పక్కవారి ముక్కుకు కూడా మీరే బాధ్యులు. తోటలోకి రానిస్తే, అనుమతి అడిగి, ఒక వైన్ ద్రాక్ష తిని చూడండి. మనం బజారులో కొనే థామ్సన్ ద్రాక్షకంటే అది చిన్నది, తొక్క మందం, గింజ ఉంటుంది, తీపి ఆశ్చర్యపరుస్తుంది. గింజను నమిలితే వగరు ఎక్కడినుంచి వస్తుందో తెలుస్తుంది.

ట్యాంకు పక్కనున్న చిన్న కుళాయి తిప్పి ఇంకా తయారవుతున్న వైన్‌ను మీ గ్లాసులో పోస్తే అది మసకగా, చల్లగా, నాలుకను పొడుస్తూ ఉంటుంది. ఆ పొడుపు కరిగి ఉన్న బొగ్గుపులుసు వాయువు, పొద్దుటి కల్లులోనూ ఉండేది అదే. దాన్ని బాగుందా లేదా అని తీర్పు చెప్పకండి, పులుపు ఎంత, వగరు ఎంత అని మాత్రం రాసుకోండి. అప్పుడు అడగవలసిన ప్రశ్నలు ఇవి: ద్రాక్ష సొంత తోటదా, రైతుల దగ్గర కొన్నదా? ఏ వారంలో కోశారు? టార్టారిక్ ఆమ్లం చేర్చారా? వేడి ప్రాంతాలలో ఆమ్లం చేర్చడం మామూలు పద్ధతే కనుక తప్పు పట్టే గొంతుతో అడగకూడదు. పీపాలు కొత్తవా, పాతవా? ఈ నాలుగు అడిగితే చాలు, వారికి మీ శ్రద్ధ అర్థమై తక్కినది వారే చెబుతారు.

రుచి చూసే వరస తెల్లది, లేత గులాబీ రంగుది (దాన్ని రోజే అంటారు), ఎర్రది, చివర తీపిది. ప్రతి గ్లాసులో కొంత మింగి, తక్కినది అక్కడ ఉంచిన పాత్రలో ఉమ్మేయండి. మన ఇళ్లలో అది అమర్యాదే కాని వైనరీలో అది పని తెలిసినవారి పద్ధతి. ఆరు గ్లాసులు మింగినవారికి ఏడవది ఏదైనా బాగానే ఉంటుంది. బండి నడిపేవారు ఉమ్మినా సరే రుచి చూడకూడదు, డ్రైవరును మాట్లాడుకోండి. గర్భిణులు, కాలేయం జబ్బు ఉన్నవారు ఈ అభ్యాసాన్ని వాసనతోనే ముగించాలి. సీసాలు కొని తెచ్చుకునే ముందు ఎక్సైజు నిబంధనలు కనుక్కోండి, అవి ఒక్కో రాష్ట్రంలో ఒక్కో రకంగా ఉండి తరచుగా మారుతుంటాయి. కొన్నవాటిని ఎండలో నిలిపిన కారులో వదలకండి.

వచ్చే పాఠానికి ముందు చేయవలసినది: 750 మిల్లీలీటర్ల సీసా ఒకటి తెల్లది, ఒకటి ఎర్రది తెచ్చి, నలుగురు కూర్చుని, సీసాలకు వార్తాపత్రిక చుట్టి, మనిషికి 50 మిల్లీలీటర్ల చొప్పున పోసుకోండి. ఒకరితో ఒకరు మాట్లాడకుండా ప్రతివారూ మూడు విషయాలు రాయాలి: నీరు ఎంతసేపు ఊరింది, చిగుళ్లు ఎంత ఎండాయి, మీ పెరట్లోని లేదా వంటింట్లోని ఏ వాసన తగిలింది. తరువాత కాగితాలు పక్కపక్కన పెట్టి చూడండి. అయిదవ పాఠంలో ఆ కాగితాలలోని తేడాలతోనే మొదలుపెట్టి, మన కూరలకు ఏ వైన్ సరిపోతుందో చూద్దాం.