సోలార్ ప్యానెళ్ల తనిఖీ, 4వ పాఠం: ఈఎల్ టెస్ట్ కంటే ముందు పాత లెక్క

ఈసారి ఈఎల్ టెస్ట్ (ప్యానెల్‌కి కరెంటిచ్చి, సెల్స్ నుంచి వచ్చే వెలుగుని కెమెరాతో ఫొటో తీసే పరీక్ష) చెప్తానన్నాను కదా, కుదిరేలా లేదు. సైట్‌లో వచ్చిన పవర్‌ని లేబుల్ మీది వాట్లతో పోల్చే పోయిన పాఠం చదివి పొదిలి, దర్శి, కావలి వైపు సైట్ల నుంచి మీరు పంపిన రీడింగులు చూశాను. సగం మంది మీ ప్యానెళ్లు నాసిరకమని తేల్చేశారు. ఒకాయనైతే రెండు కంటెయినర్ల సరుకు వెనక్కి తీసుకెళ్లమని సప్లయర్‌కి మెయిల్ కూడా కొట్టేశాడు. కాస్త ఆగండి బాబూ!

ఆయన లెక్కే చూద్దాం. 550 వాట్ల మోనో పెర్క్ (ఒక రకం సిలికాన్ సెల్) ప్యానెల్, ఎండ చదరపు మీటరుకి 900 వాట్లు, వచ్చిన పవర్ 425. లేబుల్ మీది 550 చదరపు మీటరుకి 1000 వాట్ల ఎండకి కాబట్టి, ఈ ఎండకి తగ్గించుకుంటే 495, ఇక్కడిదాకా బాగానే ఉంది. తర్వాత గాలి వేడి 38 డిగ్రీలు, అందులోంచి లేబుల్ మీదున్న 25 తీసేస్తే 13, డిగ్రీకి 0.35 శాతం చొప్పున కోసేసి 472 రావాలన్నాడు. వచ్చింది 425 కాబట్టి పది శాతం నొక్కేశారని గోల.

లేబుల్ మీద ఉన్న 25 డిగ్రీలు గాలిది కాదండీ, సెల్‌ది. రోహిణి కార్తెలో రోళ్లే పగులుతాయంటారు, ఆ ఎండలో నల్లటి ప్యానెల్ 38 దగ్గర ఆగుతుందా? వెనక అరచెయ్యి ఆనించి చూడండి, ఎంతసేపు ఉంచగలరో. మర్నాడు అదే వేళకి, అదే ఎండకి వెనకవైపు కొలవమంటే 62 వచ్చింది. అంటే తేడా 37 డిగ్రీలు, దాదాపు 13 శాతం. 495లో అది పోతే 431. ఆయనకి తగ్గింది ఆరు వాట్లు! సైట్‌లో వాడే మీటర్ల తేడాలోనే అది కొట్టుకుపోతుంది. పాపం, మెయిల్ వెనక్కి తీసుకున్నాడు.

సెన్సర్‌ని ఏదో ఒక సెల్ నడిమధ్యకి వెనక నుంచి టేపుతో గట్టిగా అతికించండి. అంచున వద్దు, జంక్షన్ బాక్స్ (వెనక వైర్లు వచ్చే డబ్బా) పక్కన అసలే వద్దు. ఐఆర్ గన్‌తో (తాకకుండా వేడి కొలిచేది) ముందు గాజుని కొలిస్తే ఆకాశం ప్రతిబింబం కూడా కలుస్తుంది, అందుకే నాకది నచ్చదు. ఎండ కొలిచే సెన్సర్ కూడా ప్యానెల్ వాలులోనే ఉండాలి, నేల మీద పడుకోబెట్టకూడదు. ఒకబ్బాయి ఫోన్‌లో లక్స్ యాప్ వాడాడు, దాని గురించి మాట్లాడను.

అయినా సరుకు తిప్పి పంపేది ఈ రీడింగు చూసి కాదు, ల్యాబ్‌లో ఫ్లాష్ టెస్ట్ (క్షణం పాటు కృత్రిమ ఎండ వెలిగించి పవర్ కొలిచేది) చూసి. లాట్‌లో (ఒక విడత సరుకులో) 3,201 నుంచి 10,000 దాకా ప్యానెళ్లుంటే, శాంపిళ్లు ఎన్ని తీయాలో చెప్పే ఐఎస్‌వో 2859 ప్రమాణంలో జనరల్ లెవెల్ 2 ప్రకారం 200 శాంపిళ్లు. ఏక్యూఎల్ (ఒప్పుకోదగ్గ లోపాల శాతం) 1 పెట్టుకుంటే అయిదు లోపాల దాకా ఒప్పుకోవచ్చు, ఆరోది దొరికితే లాట్ ఆగిపోవాల్సిందే. శాంపిళ్ల సీరియల్ నంబర్లు మాత్రం మీరే ఎంచుకోండి, సప్లయర్ ముందుకి తోసిన పాలెట్ నుంచి నేనెప్పుడూ తీసుకోను. రేవులో దిగి, లారీలో గతుకులు తిని వచ్చిన సరుకులో అడుగు పాలెట్ ఒకటైనా విప్పిస్తాను. గాజు మీద గీత కూడా లేని ప్యానెల్లో సెల్ చీలి ఉండొచ్చు. అది కంటికి కనపడదు, ఈఎల్‌లో కనపడుతుంది. వచ్చే పాఠం అదే.

ఈలోగా ఒక పని. ఒకే ప్యానెల్‌ని పొద్దున ఏడు నుంచి సాయంత్రం అయిదు దాకా, అరగంటకోసారి కొలవండి. ఎండ, వెనక వేడి, పవర్, మూడూ ఒకే నిమిషంలో. అన్నిటినీ ఎస్‌టీసీకి (లేబుల్ మీది పరిస్థితికి, అంటే 1000 వాట్ల ఎండ, 25 డిగ్రీల సెల్‌కి) మార్చండి. మబ్బు లేకపోతే మధ్యాహ్నం రీడింగులు ఒకదానికొకటి దగ్గరగా వస్తాయి, పొద్దున ఏడింటివి పక్కకి పోతాయి. ఎందుకు పోయాయో రాసి పంపండి. టోపీ పెట్టుకోండి.