ఫిల్మ్ నువార్‌ను ఎలా పరిచయం చేసుకోవాలి? ముందు ఒక్క సినిమా, ఒక్క నవల

పాత అమెరికన్ నేరచిత్రాలు చూద్దామని ఉత్సాహపడేవాళ్లు చాలామంది వంద సినిమాల జాబితా ముందేసుకుని, మూడోదానికే నీరసపడతారు. జాబితా పక్కన పెట్టి ఒక జంటతో మొదలుపెట్టండి: 1944లో బిల్లీ వైల్డర్ తీసిన ‘డబుల్ ఇండెమ్నిటీ’, దానికి మూలమైన జేమ్స్ ఎం. కెయిన్ నవల. కొన్ని రకాల ప్రమాదాల్లో మనిషి పోతే బీమా కంపెనీ రెట్టింపు సొమ్ము చెల్లించాలన్న షరతు పేరు అది. ఇక నువార్ అంటే ఫ్రెంచిలో నలుపు. యుద్ధం ముగిశాక ఈ సినిమాలు ఒక్కసారిగా పారిస్ చేరినప్పుడు, 1946లో అక్కడి విమర్శకులు పెట్టిన పేరు.

1. ముందు సినిమా చూడండి

నవల చిన్నదే కదా అని ముందే చదివేయకండి. రాత్రిపూట, గదిలో దీపాలార్పి, వీలైనంత పెద్ద తెర మీద చూడండి. పట్టపగలు ఫోనులో చూస్తే ఆ చీకటి బూడిదరంగులోకి దిగిపోతుంది.

బీమా ఏజెంటు వాల్టర్ నెఫ్ రాత్రివేళ ఆఫీసుకు వచ్చి, మాటలు రికార్డు చేసే డిక్టాఫోన్ ముందు కూర్చుని నేరం ఒప్పేసుకుంటాడు. డబ్బు కోసం, ఒక స్త్రీ కోసం చంపాడట, రెండూ దక్కలేదట. డిటెక్టివ్ యుగంధర్ నవలలతో పెరిగిన మనకు ‘హంతకుడెవరు’ అన్న ప్రశ్నే చివరి పేజీదాకా పట్టుకునే తాడు. ఇక్కడ ఆ తాడు మొదట్లోనే తెంపేస్తారు. మనిషి ఎలా మునిగాడన్నదే మిగిలిన కథ.

2. రెండోసారి గోడలు చూడండి

నెఫ్ ఎవరికోసం చంపాడో ఆ స్త్రీ, ఫిలిస్. ఆమె ఇంటి హాల్లో కిటికీ బ్లైండ్ల నీడలు నెఫ్ కోటు మీద జైలు ఊచల్లా పడతాయి. ఎండలో తేలే దుమ్ము కనిపించడానికి వైల్డర్, కెమెరామన్ జాన్ సైట్జ్ కలిసి గాలిలోకి అల్యూమినియం పొడి ఊదించారు. నెఫ్ ఫ్లాటు తలుపు బయటికి, నడవాలోకి తెరుచుకుంటుంది. ఫ్లాటు తలుపులు అలా ఉండవు. దాని వెనక ఫిలిస్ దాక్కోవాలి కాబట్టి అలా పెట్టారు. సంగతి తెలిసినా, ఆ తలుపు కదిలినప్పుడల్లా నాకు ఊపిరాడదు.

3. ఇప్పుడు నవల చదవండి

1927లో న్యూయార్క్‌ను కుదిపిన రూత్ స్నైడర్ హత్యకేసు కెయిన్‌కు ప్రేరణ. 1936లో ‘లిబర్టీ’ పత్రికలో సీరియల్‌గా వచ్చింది. సినిమాలో నెఫ్ ఇందులో హఫ్. ముగింపు పూర్తిగా వేరు, చెప్పను. నన్ను ఎక్కువ భయపెట్టింది మాత్రం కెయిన్ ముగింపే. ఒక పేజీ సంభాషణను పైకి చదవండి. కాగితం మీద పదునుగా ఉన్న మాటలు నోట్లో మొద్దుబారతాయి. వైల్డర్‌తో కలిసి స్క్రీన్‌ప్లే రాసిన నవలాకారుడు రేమండ్ చాండ్లర్ వాటిని అందుకే తిరగరాశాడు.

4. అక్కడినుంచి తీగ లాగండి

చాండ్లర్ నచ్చితే ‘ది బిగ్ స్లీప్’ (నవల 1939, సినిమా 1946). కథ తలకెక్కకపోతే కంగారు పడకండి. అందులో డ్రైవరును ఎవరు చంపారో చాండ్లర్‌కే తెలియదు! ఒకప్పుడు నిజంగానే డిటెక్టివ్‌గా పనిచేసిన డాషియల్ హామెట్ రాసిన ‘ది మాల్టీస్ ఫాల్కన్’ ఆ తర్వాత.

డొరొతీ బి. హ్యూజ్ నవల ‘ఇన్ ఎ లోన్లీ ప్లేస్’ (1947) దగ్గర మాత్రం వరస తిప్పండి: ముందు పుస్తకం, తర్వాత 1950 నాటి సినిమా. నవలలో డిక్స్ స్టీల్ ఎలాంటివాడో తెలిసి కూర్చుంటే, తెర మీద ఆ పాత్ర వేసిన హంఫ్రీ బోగార్ట్ మామూలుగా నవ్వినా ఒళ్లు జలదరిస్తుంది.