ఆర్‌ఓ ఉన్నా నీటిలో పీఫాస్ తేలితే

కార్బన్-ఫ్లోరిన్ బంధం బలంతో ఏళ్ల తరబడి చెక్కుచెదరకుండా ఉండే రసాయనాలు పీఫాస్. బిగువైన ఆర్‌ఓ మెంబ్రేన్ (నీటిని వడకట్టే పలుచని పొర) వీటిలో చాలావాటిని 99 శాతం దాకా ఆపుతుంది. ఆ నమ్మకంతోనే, పరీక్షలో పీఫాస్ తేలగానే మెంబ్రేన్ మార్చేస్తుంటారు. చాలాసార్లు తప్పు దానిది కాదు.

టీడీఎస్ బాగుంది, ల్యాబ్ నివేదిక బాగాలేదు

నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు లీటరుకు మిల్లీగ్రాముల లెక్క చెబుతుంది. పీఫాస్‌లో రకాలైన పీఎఫ్‌ఓఏ, పీఎఫ్‌ఓఎస్‌లకు అమెరికా 2024లో పెట్టిన పరిమితి లీటరుకు 4 నానోగ్రాములే. లారీని తూచే కాటా మీద ఆవగింజను పెట్టినట్టే! ముందు నమూనానే అనుమానించండి. కుళాయికి చుట్టిన టెఫ్లాన్ టేపు చాలు, ఫలితం తారుమారు కావడానికి. పాలీప్రొపిలీన్ సీసాలో మళ్లీ పట్టండి. పీఫాస్ లేని నీటిని అక్కడే మరో సీసాలో పోసి దాన్నీ పంపండి. అందులోనూ పీఫాస్ వస్తే లోపం నమూనా సేకరణలోనో సీసాలోనో ఉన్నట్టు.

కొత్త మెంబ్రేన్‌తో మొదట్లో వచ్చిన గొప్ప ఫలితాన్నీ నమ్మవద్దు. పీఫాస్ కొంత మెంబ్రేన్‌కే అంటుకుంటుంది. అది నిండాకే అసలు పనితీరు బయటపడుతుంది.

పీఫాస్‌తో పాటు లవణాలూ పెరిగాయి

ఇక్కడ మాత్రం టీడీఎస్ మీటరు పనికొస్తుంది. మెంబ్రేన్ ఉన్న ఒక్కో గొట్టం నుంచి వచ్చే శుద్ధజలాన్ని విడివిడిగా కొలవండి. ఒక్కదానిలోనే హఠాత్తుగా పెరిగితే ఓ-రింగు (నీరు కారకుండా బిగించే రబ్బరు వలయం) తెగిందో, మెలిపడిందో చూడాలి. కొత్తది బిగించేటప్పుడు గ్లిజరిన్ రాయండి, పెట్రోలియం గ్రీజు వద్దు. లవణాలు అన్నిటిలో మెల్లగా పెరుగుతూ, నీటి ధార కూడా ఎక్కువైతే క్లోరిన్ మెంబ్రేన్‌లోని పాలీఅమైడ్ పొరను తినేసినట్టే. దానికి మరమ్మతు లేదు. కొత్త మెంబ్రేన్ వేసేముందు క్లోరిన్‌ను ఆపే కార్బన్ ఫిల్టరును సరిచేయండి, లేదంటే దానికీ అదే గతి.

పెద్ద అణువులు ఆగుతున్నాయి, చిన్నవి దాటుతున్నాయి

మీది ఆర్‌ఓ కన్నా వదులైన నానోఫిల్టరేమో చూసుకోండి. పీఎఫ్‌ఓఎస్ అణుభారం 500, చిన్న పీఫాస్ అయిన పీఎఫ్‌బీఏది 214. వదులు మెంబ్రేన్‌కు రెండోది చిక్కదు. ఆర్‌ఓకు మారండి, లేదా వెనక అయాన్ మార్పిడి రెజిన్ (పీఫాస్‌ను పట్టుకునే గుళికలు) పెట్టండి. అల్ట్రాఫిల్టరు ఒక్కటే ఉంటే దానిని ఎంత కడిగినా లాభం లేదు, రంధ్రాలే పెద్దవి.

ధార తగ్గింది

నీరు ఒక డిగ్రీ చల్లబడితే ధార దాదాపు 3 శాతం పడిపోతుంది. ముందు ఆ లెక్క తీసేయండి. అప్పటికీ 10-15 శాతం తక్కువైతే కడగాలి. మెంబ్రేన్ మీద పేరుకున్న జిగురుకు క్షారం, సున్నపు పెచ్చుకు ఆమ్లం. రెండూ ఉంటే సాధారణంగా క్షారమే ముందు.

విసర్జిత నీరు

నూటికి 75 పాళ్లు శుద్ధజలం తీస్తే, మిగిలిన పాతికలో పీఫాస్ గాఢత దాదాపు నాలుగింతలు. దాన్ని కాలువలోకి వదలకుండా యాక్టివేటెడ్ కార్బన్‌తోనో రెజిన్‌తోనో పట్టాలి. నిండిన కార్బన్‌ను ఎవరికి అప్పగించాలో యంత్రం బిగించే ముందే తేల్చుకోండి.