పేటలో పిల్ల మాట తగ్గించేస్తే

రాజోలు దగ్గర మా పేటలో పదకొండేళ్లుగా సాయంత్రం ట్యూషన్ చెబుతున్నాను. నా దగ్గరికొచ్చే పిల్లల తల్లుల్లో కొందరు గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్లారు, కొందరు తెల్లారకుండానే రొయ్యల షెడ్డు వ్యాను ఎక్కేస్తారు. పిల్లలు అమ్మమ్మల దగ్గరే. ఎలా ఉన్నావమ్మా అంటే "ఆయ్, బాగానే ఉన్నానండి" అంటారు. ఆ మాట విని ఊరుకోకండి.

నిద్ర, తిండి, స్నేహితులు: ఈ మూడూ గమనించండి. రెండు వారాలైనా పిల్ల తేరుకోకపోతే అది బద్ధకమూ కాదు, పొగరూ కాదు. ఇంటర్ చదివే ఒకమ్మాయి సెలవులకి హాస్టల్ నుంచి వచ్చి, రోజూ గంటసేపు ఒకే పేజీ తెరిచి కూర్చునేది. జడ వేసుకోవడం మానేసింది. పరీక్షల టెన్షన్ అనుకుని పది రోజులు వదిలేశాను. ఆ పది రోజులు తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే ఎవరూ చెప్పరు. చేతికి ఏదో పని ఇవ్వండి. మేమిద్దరం అరుగు మీద కొబ్బరి ఈనెలు గీస్తూ కూర్చున్నాం. ఒక చీపురుకి సరిపడా అయ్యాక, తల ఎత్తకుండానే చెప్పింది: హాస్టల్లో పక్కమంచం అమ్మాయి తన కంచం దూరంగా పెట్టుకోమందట, మిగతావాళ్లు నవ్వారట. అలాంటప్పుడు "ఇంత చిన్నదానికా?" అనకండి, "ధైర్యంగా ఉండు" కూడా వద్దు. కులం పేరుతో తగిలిన దెబ్బ నిజమైన దెబ్బే. "అది వాళ్ల తప్పమ్మా, నీది కాదు" అనండి. ఫిర్యాదు చేయాలనుకుంటే ఎస్సీ, ఎస్టీల మీద జరిగే అత్యాచారాల హెల్ప్‌లైన్ 14566 ఉంది. కానీ చేయాలో వద్దో ఆ పిల్లే తేల్చుకోవాలి.

తర్వాత అసలు ప్రశ్న సూటిగా అడగండి: "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడతాం. పుట్టదు. అడిగేవాళ్లు దొరికారని గుండె బరువు కాస్త దిగుతుంది. అవునంటే ఒంటరిగా వదలకండి. ఇంట్లో పురుగుమందు, మాత్రలు ఉంటే ఆ పూటే తీసేయించండి. ప్రమాదం కనిపిస్తే 108కి ఫోన్ చేయండి.

మామూలుగా మాట్లాడుకోడానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ ఉంది, నంబరు 14416. 2022 అక్టోబరులో మొదలైంది, రాత్రీ పగలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. నంబరు రాసిచ్చి పంపేస్తే చేయరు. నేనే కలిపి, ఫోను తన చేతికిచ్చి బయట కూర్చున్నాను.

కాకినాడ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. అక్కడికి వెళ్దామంటే ఇంట్లో "పిచ్చి డాక్టరా? రేపు పెళ్లెలా అవుద్ది?" అంటారు. వాదన పెట్టుకోకండి. "నిద్ర పట్టట్లేదు కదండీ మామ్మగారూ, చూపిద్దాం" అన్నాను, అది నిజమే కూడా. ప్రార్థన చేయించుకుంటామంటే చేయించుకోనివ్వండి, మందులు మానకపోతే చాలు. తెల్లవారు బస్సుకి మీరూ వెళ్లండి. కూలి పోతుందని ఆ ఇంట్లో ఎవరూ కదల్లేకపోవచ్చు. ఆధార్ కార్డు, పాత చీటీలు, ఒక డబ్బాలో పెరుగన్నం పట్టుకెళ్లండి. ఓపీ లైను ఎంతసేపు పడుతుందో చెప్పలేం.

దిగులు మందులు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మొదటి వారం మత్తుగా ఉందని ఇంట్లో ఆపేస్తారు. ఆ వారమే మీరు రోజూ వెళ్లాల్సింది. ఇబ్బందిగా ఉంటే డాక్టరుకి చెప్పాలి తప్ప సొంతంగా ఆపకూడదు. నేను సాయంత్రం వెళ్లి మామ్మగారితో కలిసి మాత్రలు లెక్కపెట్టేదాన్ని. మళ్లీ రమ్మన్న తేదీకి వాళ్ల గోడ క్యాలెండర్లో ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాను. ఆ రోజు ట్యూషన్ లేదని మిగతా పిల్లలకి చెప్పేశాను, ఎందుకో మాత్రం చెప్పలేదు.