పూలచెట్లకు నీటిరంగులు – మూడో పాఠం: ఆకు రాల్చిన కొమ్మ మీద గులాబీ రంగు

పోయిన పాఠంలో మోడుగా ఉన్న చెట్టును పెన్సిల్‌తో గీశారు కదా, ఆ కాగితం బయటికి తీయండి. ఈ వారం దాని మీద పూలు పూయిద్దాం.

మన చెట్టు గులాబీ టబెబుయా. జనవరి నుంచి మార్చి దాకా బెంగళూరులో జయనగర్ వీధుల్లోనో, కబ్బన్ పార్కులోనో తలెత్తితే చాలు, కనిపిస్తుంది. పుట్టిల్లు మధ్య అమెరికా ప్రాంతం. పూసే ముందు ఆకులు దాదాపుగా రాల్చేస్తుంది కాబట్టి కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఆకుపచ్చతో కుస్తీ ఉండదు. కొమ్మ, పువ్వు, ఆకాశం, అంతే.

300 జీఎస్‌ఎం కాగితం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే మందపాటిది), 8వ నంబరు గుండ్రటి కుంచె, మూడు రంగులు – పర్మనెంట్ రోజ్ (గులాబీ), అల్ట్రామెరైన్ బ్లూ (ముదురు నీలం), బర్న్‌ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ రంగు) ఉంటే సరిపోతుంది. తెల్లరంగు ట్యూబు పక్కన పెట్టేయండి. కాగితం తెలుపే మన వెలుగు.

ముందు కళ్లు సగం మూసి చెట్టును చూడండి. పూలు విడివిడిగా కనిపించడం మానేసి నాలుగైదు పెద్ద గుత్తులుగా కలిసిపోతాయి. మనం వేయాల్సింది వాటినే. ఒక్కో గుత్తి ఉన్నచోట కాగితాన్ని మంచినీళ్లతో తడపండి, మధ్యమధ్యలో కాస్త పొడిగా వదిలేయండి. తడి మెరుస్తూ ఉండగానే పల్చటి రోజ్ రంగు తాకిస్తే అదే పాకుతుంది. వెంటనే, ఎండ పడని అడుగు వైపున చిక్కటి రోజ్‌లో చిటికెడు నీలం కలిపి తాకించండి. ఇక చేయి తీసేయండి! సగం ఆరిన రంగు మీద మళ్లీ నీళ్ల కుంచె పెడితే అంచులు గజిబిజిగా మరకలు కడతాయి. ఈ ఓపిక పట్టడమే పాఠం మొత్తంలో కష్టమైన పని, అందుకే నొక్కి చెబుతున్నాను.

పూర్తిగా ఆరాక కొమ్మలు. నీలం, సియెన్నా కలిపితే మంచి బూడిదరంగు వస్తుంది. కొమ్మను ఏకధాటిగా లాగకండి. గుత్తి వెనక్కి వెళ్లినచోట ఆపి, సందులో ఆకాశం కనిపించినచోట మళ్లీ మొదలుపెట్టండి. పూలకు బరువూ లోతూ వచ్చేది ఇక్కడే.

ఫుట్‌పాత్ మీద రాలిన పువ్వు ఒకటి ఇంటికి తెచ్చుకోండి. గొట్టంలా ఉంటుంది, గొంతులో పసుపు, రేకుల అంచులు ఇస్త్రీ చేయని జాకెట్టు గుడ్డలా ముడతలు. చెట్టు మీద ఈ వివరం వేయక్కర్లేదు. చెట్టు కింద, మనకు దగ్గరగా రాలిన రెండు మూడు పూలకు మాత్రం వేయండి, బొమ్మకు ప్రాణం వస్తుంది.

మా ఆదివారం క్లాసుకు గుంటూరు నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన ఒక పెద్దావిడ వస్తారు. భర్త పోయాక ఊళ్లో ఇంటికి తాళం వేసి వచ్చారు. మోడు గీయమన్న రోజు పెన్సిల్ పట్టుకుని చాలాసేపు ఊరికే కూర్చున్నారు. గుత్తులకు రంగు పాకిన రోజున మాత్రం, ‘‘ఇది రాలిపోయాక ఏది పూస్తుందమ్మాయ్?’’ అని అడిగారు. అంతకుముందు వచ్చే నెల గురించి ఆవిడ నోట ఒక్క మాటా వినలేదు. నాకు ఎంత సంతోషమేసిందో!

ఆవిడ ప్రశ్నకు ఈ ఊరు ఎప్పుడో జవాబు సిద్ధం చేసి పెట్టింది. జర్మనీ నుంచి వచ్చి, 1908లో బెంగళూరు చేరి ఇక్కడి పెద్ద తోట లాల్‌బాగ్ బాధ్యతలు చూసిన గుస్తావ్ హెర్మన్ క్రుంబీగల్ ఇక్కడి వీధులకు చెట్లను వరసగా పూసేలా ఎంచారని చెబుతారు. ఒకటి రాల్చేసరికి ఇంకొకటి అందుకోవాలి. గులాబీ వెనకే జకరండా ఊదా, ఏప్రిల్, మే నెలల్లో రేల పసుపు, ఎర్ర తురాయి. మన పాఠాలూ ఇదే వరసలో నడుస్తాయి. మనసు బాగోలేక ఇల్లు కదలనివాళ్లు ఈ వరసను పట్టుకోండి, వచ్చే నెలకు మీకంటూ ఒక చెట్టు ఉంటుంది.

వచ్చే పాఠం జకరండా. ఈలోగా రోజ్, అల్ట్రామెరైన్ కలిపి ఊదాను మూడు చిక్కదనాల్లో వేసి, ఆరాక చూడండి. తడిలో ఉన్నదానికన్నా ఆరాక రంగు పాలిపోతుంది. ఎంత పాలిపోయిందో పక్కనే పెన్సిల్‌తో రాసి పెట్టుకోండి, జకరండాకు అది కావాలి.