బెంగళూరుకి కొత్తగా వచ్చినవాళ్లకి భాష గురించి చిన్న చిట్కా

కన్నడ రాదని టెన్షన్ పడకండి. వాక్యం తెలుగులో ఎలా కడతామో కన్నడలోనూ దాదాపు అలాగే కడతారు. క్రియ చివర్లోనే వస్తుంది. 'నేను రేపు వస్తాను' అనడానికి 'నాను నాళె బర్తీని'. ఒక్కో మాట మార్చుకుంటూ పోతే చాలు. 'నిన్న వచ్చిన అబ్బాయి' కూడా 'నిన్నె బంద హుడుగ' అవుతుంది, వరుస చెక్కుచెదరదు. మారతహళ్ళిలో నేను ఆటోవాళ్లతో మాట్లాడుతూ నేర్చుకున్నది ఇలాగే. 'ఇక్కడ ఆపండి' అనాలంటే 'ఇల్లి నిల్సి', అంతే.

ఆఫీసులో ఇంగ్లీషు దగ్గరే మనవాళ్లు తడబడతారు. 'పిల్లిని కుక్క తరిమింది' అన్నా, 'కుక్క పిల్లిని తరిమింది' అన్నా మనకి ఒకటే, ఎందుకంటే ఎవరిని తరిమిందో 'ని' చెప్పేస్తుంది. ఇంగ్లీషులో ఆ పని మాట ఉన్న చోటు చేస్తుంది. 'ద డాగ్ చేజ్డ్ ద క్యాట్'లో కుక్కనీ పిల్లినీ అటూ ఇటూ మారిస్తే తరిమేది పిల్లి అయిపోతుంది!

అందుకే మీటింగులో నోరు తెరిచే ముందు ఎవరు, ఏం చేశారు అన్న రెండే మాటలు మనసులో సిద్ధం చేసుకోండి. 'ఐ సెంట్' అని ముందు అనేయండి. ఏం పంపారు, ఎవరికి, ఎప్పుడు అన్నవి ఆ తర్వాత ఒక్కొక్కటే తగిలించొచ్చు. తెలుగులోలాగా వివరాలన్నీ ముందు పేర్చుకుని క్రియ కోసం చివరిదాకా ఆగితే మధ్యలోనే మాట తెగిపోతుంది. 'ఆఫీసుకి'లో వెనకుండే 'కి' కూడా అక్కడ 'టు'గా ముందుకొస్తుంది. వారం రోజులు ఇంట్లో గట్టిగా పలుకుతూ చేసి చూడండి.