విశాఖ ఉక్కలో ద్రాక్ష వైన్: ఈస్ట్ పొడి లేకుండా, సల్ఫైట్ వేయకుండా

ముందుగా ఒక మాట. ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం, 1968 ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం నేరం. వైన్ కూడా ఆ లెక్కలోకే వస్తుంది. కుటుంబమంతా కలిసి చిన్న వైనరీ పెట్టుకుని, అనుమతి చేతికొచ్చాక మొదటి బ్యాచ్ వేసేవారి కోసం ఇది. లెక్కలన్నీ 50 కిలోల ద్రాక్షకు.

సహజ వైన్ అంటే చేతులు కట్టుకుని కూర్చోవడం కాదు. కొన్న ఈస్ట్, సల్ఫైట్ (వైన్ చెడకుండా వేసే గంధకపు మందు), పంచదార, ఫిల్టరు పక్కన పెట్టారంటే వాటి పనంతా శుభ్రత, చల్లదనం, వేళకు చూసుకోవడం మీద పడుతుంది. తరవాణి కుండ నిలబెట్టిన ఇంటివాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

పని జనవరి, ఫిబ్రవరి నెలల్లోనే పెట్టుకోండి. అప్పుడే ద్రాక్ష వస్తుంది, విశాఖలో రాత్రులు కాస్త చల్లగా ఉంటాయి. గింజలున్న నల్ల ద్రాక్ష, అంటే బెంగళూరు బ్లూ రకం, తోట నుంచి నేరుగా తెప్పించుకోవడం మంచిది. దానికి పులుపు ఎక్కువ, ఆ పులుపే వైన్‌కు కాపలా. గింజలేని పచ్చ ద్రాక్షకు పులుపు చాలదు, రుచి చప్పగా తేలుతుంది. రైతుబజారులోనో పండ్ల మార్కెట్‌లోనో కొనేటప్పుడు పెట్టె మూత తీసి చూడండి. పైన తెల్ల కాగితంలాంటి సల్ఫర్ ప్యాడ్ పరిచి ఉంటే ఆ పెట్టె వద్దు. ద్రాక్షకు బూజు పట్టకుండా ఆ ప్యాడ్ వదిలే వాయువే తొక్క మీది ఈస్ట్‌ను కూడా చంపుతుంది. తర్వాత ఎన్నాళ్లు చూసినా బుడగ రాదు.

అసలు బ్యాచ్‌కు నాలుగైదు రోజుల ముందే తోడు సిద్ధం చేసుకోవాలి. అదే తోట ద్రాక్ష మూడు కిలోలు తెప్పించి, కుళ్లిన పండ్లు ఏరేసి, కడగకుండా, వేడినీళ్లతో కడిగి ఆరబెట్టిన మూడు గాజు సీసాల్లో కిలో చొప్పున చేత్తో నలిపి పోయండి. నోటికి పల్చటి బట్ట కట్టి, రోజుకు మూడుసార్లు కలపండి. మూడు సీసాలు ఎందుకంటే, మూడూ ఒకేలా పులవవు. రెండోరోజో మూడోరోజో బుడగలు వస్తాయి. అప్పుడు ఒక్కోటీ వాసన చూడండి. పండిన అరటిపండు వాసన, రొట్టె పిండి వాసన మంచివే. గోళ్ల రంగు వాసన కొట్టే సీసాను జాలి లేకుండా పారబోయండి, ఆ దోషం తర్వాత పోదు. మొదట లేచే అడవి ఈస్ట్‌లు ఆల్కహాల్ 4, 5 శాతానికి చేరేసరికి నీరసిస్తాయి, అక్కడి నుంచి సాక్రోమైసిస్ ఈస్ట్ పని అందుకుంటుంది. దీన్ని హైడ్రోమీటరుతో చూస్తారు, అది రసం సాంద్రత చూపే గాజు గొట్టం, తీపి ఆల్కహాల్‌గా మారేకొద్దీ అంకె దిగుతుంది. కాబట్టి హైడ్రోమీటరు 1.072 దగ్గర మొదలై 1.035కి దిగిన తోడునే వాడండి.

ఇక పెద్ద బ్యాచ్. 50 కిలోలను ఈనెల నుంచి ఒలిచి, కాళ్లతోనో చేత్తోనో తొక్కండి, మిక్సీ వద్దు. గింజ పగిలితే చేదు దిగుతుంది. 80 లీటర్ల ఫుడ్ గ్రేడ్ ప్లాస్టిక్ డ్రమ్ము సరిపోతుంది. మూడోవంతు ఖాళీ ఉంచకపోతే తొక్కలు పొంగి బయటపడతాయి. ఇనుప గరిటె, ఇనుప బకెట్ దగ్గరికి రానివ్వకండి. సముద్రపు గాలికి ఇక్కడ ఇనుము ఇట్టే తుప్పు పడుతుంది, ఆ తుప్పు వైన్‌లో కలిస్తే మసకబారుతుంది. పీహెచ్ మీటరు 3.6 దాటి చూపిస్తే, అంటే పులుపు తక్కువైతే, కాయ పచ్చిగా ఉన్న గుత్తులు రెండు మూడు కిలోలు నలిపి కలపండి. బాగున్న తోడు రెండు సీసాలు అందులో పోసేయండి.

వేడి దగ్గరే చాలామంది దెబ్బతింటారు. రాయలసీమలో డ్రమ్ముకు తడి గోనె చుట్టినా చల్లబడుతుంది. విశాఖలో గాలినిండా తేమే, గోనె తడి ఆరదు, ఆరనిదే చల్లదనం రాదు. డ్రమ్మును పెద్ద టబ్బులో నీళ్లలో దింపి, గడ్డకట్టించిన రెండు లీటర్ల నీళ్ల సీసాలు నాలుగు ఆ నీళ్లలో వేసి, పొద్దున సాయంత్రం మార్చండి. థర్మామీటరు రసంలో కాదు, పైకి తేలిన తొక్కల మధ్య గుచ్చి చూడండి. అక్కడ రసం కంటే మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువ ఉంటుంది. 24 నుంచి 28 డిగ్రీలు బాగు. 32 దాటితే ఈస్ట్ అలసిపోయి 1.020 దగ్గర ఆగిపోతుంది, మిగిలిన తీపిని బాక్టీరియా తిని పులుపెక్కిస్తాయి. అలా ఆగితే చల్లబరిచి, చురుగ్గా పులుస్తున్న మరో తోడు లీటరు పోయండి. ఏసీ గదిలో పెడితే మరో జాగ్రత్త: కిలో చక్కెర పులిస్తే సుమారు అరకిలో కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. తలుపు తెరిచి గాలి ఆడనివ్వకుండా లోపలికి వంగకండి.

రోజుకు మూడుసార్లు తొక్కలను చెక్కతో కిందికి నొక్కండి. పైనే ఎండిపోతే వెనిగర్ మొదలవుతుంది, పండు ఈగలు ఆ బాక్టీరియాను మోసుకొస్తాయి. డ్రమ్ము నోటికి బట్టను రబ్బరుతో బిగించి కట్టాల్సింది అందుకే. ఆరు నుంచి ఎనిమిది రోజుల్లో హైడ్రోమీటరు 1.005కు దిగాక మస్లిన్ గుడ్డలో పిండండి. సుమారు 30 లీటర్లు వస్తుంది. సీసాలను నోటి దాకా నింపి ఎయిర్‌లాక్ (లోపలి వాయువును పోనిచ్చి, బయటి గాలిని రానివ్వని మూత) పెట్టండి. పైన రెండు వేళ్ల ఖాళీ ఉన్నా తెల్ల పొర కడుతుంది. ఇరవై లీటర్ల సీసా ఒకటి, ఐదు లీటర్లవి రెండు, మిగిలింది చిన్న సీసాల్లో పోసుకుంటే ఖాళీ అన్న మాటే రాదు. కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తే ఒక్కసారి పైపుతో పైనుంచి పడేలా మరో సీసాలోకి మార్చండి, గాలి తగిలి పోతుంది. రెండు వారాల తర్వాత అడుగున దిగిన మడ్డి కదలకుండా పైది మార్చుకోండి.

రీడింగ్ 0.996 దగ్గర మూడు వారాలు కదలకపోతేనే సీసాల్లో నింపాలి. లీటరుకు నాలుగు గ్రాముల చక్కెర మిగిలిందంటే మూత కింద సుమారు ఒక అట్మాస్ఫియర్ ఒత్తిడి పుడుతుంది, మామూలు సీసా మూత ఎగిరిపోవచ్చు. నింపే ముందు గ్లాసులో చిటికెడు వంటసోడా వేసి వాసన చూడండి. ఎలుక కలుగు వాసన పైకొస్తే అది మామూలుగా ముక్కుకు అందని దోషం, తాగాక నోట్లో తేలుతుంది. ఆ బ్యాచ్‌ను కొన్ని నెలలు మూసి ఉంచి మళ్లీ చూడటమే దారి.

ఈ వైన్‌లో ఆల్కహాల్ 10 శాతం దాటదు, సల్ఫైట్ లేదు కాబట్టి 15 డిగ్రీల దగ్గర ఉంచే వైన్ ఫ్రిజ్‌లో పడుకోబెట్టాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చాక విశాఖలో రోజుల తరబడి కరెంటు లేదు, అలాంటి వేళకు ఇన్వర్టర్ లేకపోతే ఐసు, థర్మోకోల్ పెట్టెలు దగ్గర పెట్టుకోండి. ఏడాదిలోపు తాగేయాలి. మూత తీసిన సీసా మూడో రోజు దాటనివ్వకండి.